కూర్చోవడానికి చోటేది?

మీ ఊళ్ళో పార్కు ఉందా? ఉంటే, అందులో ఒకేసారి ఎంతమంది కూర్చోవచ్చో చెప్పగలరా?

ఉయ్యాలలున్నాయా, జారుడుబల్ల ఉందా అని అడిగితే మీరు టక్కున జవాబు చెబుతారు. చెట్లెన్ని అంటే సుమారుగా ఒక అంకె చెబుతారు. కూర్చునే చోట్ల లెక్క మాత్రం ఎవరికీ తెలియదు. పార్కు కట్టించినవారికి కూడా చాలాసార్లు తెలియదు. ప్రహరీగోడ, గేటు, గేటు మీద పేరు, నడకదారి, పూలమడులు, మధ్యలో ఫౌంటెన్ - ఇవన్నీ అయ్యాక ఇంకా డబ్బు మిగిలితే నాలుగు సిమెంటు బల్లలు వేస్తారు. అవి కూడా తరచు దాతలిచ్చినవే. వీపు ఆనించే చోట "ఫలానావారి జ్ఞాపకార్థం" అని రాసి ఉంటుంది చూడండి.

ఇది తలకిందుల పని అని నా అభిప్రాయం. పార్కు వేసేటప్పుడు మొట్టమొదట ఆలోచించవలసింది మనుషులు ఎక్కడ కూర్చుంటారన్న సంగతి. ఇది ఊరికే అంటున్న మాట కాదు. దీన్ని కొలిచి చూసినవారున్నారు. ఆ కొలతలను నమ్మి, పాడుబడిపోయిన పార్కుని తిరిగి బతికించినవారున్నారు. ఆ కథ అమెరికాలో, న్యూయార్కు నగరంలో జరిగింది. ముందు అది చెప్పి, తరవాత మన సంగతికి వస్తాను.

న్యూయార్కులో నేల తక్కువ, మేడలు ఎక్కువ. ఎత్తయిన మేడలు కట్టేవారికి 1961లో నగరపాలకులు ఒక ఆశ చూపించారు. "మీ స్థలంలో కొంత భాగం ఖాళీగా వదిలి ప్రజలు వాడుకోనివ్వండి. అలా వదిలిన ఒక్కొక్క చదరపు అడుగుకీ, కిక్కిరిసిన పేటల్లో 10 చదరపు అడుగుల చొప్పున మేడలో అదనంగా కట్టుకోనిస్తాం" అన్నారు. బేరం బాగుంది కదా! కట్టేవాళ్ళు ఎగబడ్డారు. మేడల ముందు నున్నటి రాతి పలకలు పరిచిన ఖాళీస్థలాలు ఒకదాని తరవాత ఒకటి వెలిశాయి. వీటిని ప్లాజాలంటారు. తీరా చూస్తే కొన్ని ప్లాజాల్లో మధ్యాహ్నం భోజనం వేళ జనం తీర్థంలాగా ఉంటారు. చాలావాటిలో పిట్టమనిషి ఉండడు. ఎందుకని?

ఈ ప్రశ్నను పట్టుకున్నవాడు విలియం వైట్ (1917-1999). ఆయన ఇంజనీరు కాడు, మేడలకు నక్షాలు గీసేవాడూ కాడు. పత్రికలో సంపాదకుడిగా పనిచేసిన రచయిత. 1970 ప్రాంతంలో ఆయన కాలేజీ విద్యార్థులను సహాయకులుగా పెట్టుకుని ఒక వింత పరిశోధన మొదలుపెట్టాడు. ఎదురు మేడల మీద సినిమా కెమెరాలు పెట్టాడు. ఆ కెమెరా ఆగకుండా తిరగదు. కొన్ని సెకన్లకొక బొమ్మ చొప్పున పొద్దుటినుంచి సాయంత్రం దాకా తీస్తూ ఉంటుంది. ఆ ఫిల్మును మామూలు వేగంతో ఆడిస్తే రోజంతా జరిగినది కొద్ది నిమిషాల్లో కళ్ళముందు కదులుతుంది. మొగ్గ విచ్చుకుని పువ్వయ్యే దృశ్యాన్ని సినిమాల్లో చూపిస్తారే, అదే పద్ధతి. ఇక్కడ పువ్వుకి బదులు మనుషులు.

అలా 16 ప్లాజాలనూ 3 చిన్న పార్కులనూ పరిశీలించారు. ఎవరు వస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎంతసేపు ఉంటున్నారు అన్నవి కాగితం మీద గుర్తులు పెట్టుకున్నారు. అప్పుడు ఊహలను ఒక్కొక్కటే పరీక్షకు పెట్టారు. ఎండ తగిలే చోటికి జనం వస్తారేమో అనుకున్నారు. అది చలిదేశం కదా! మొదట్లో లెక్క కుదిరినట్టే కనిపించింది. వేసవి ముదిరేసరికి ఎండలోనూ నీడలోనూ కూడా జనం కూర్చున్నారు. ఆ ఊహ వీగిపోయింది. స్థలం పెద్దదైతే ఎక్కువమంది వస్తారా? రాలేదు. ఆకారం అందంగా ఉంటే? దానికీ జనానికీ పొత్తు కనిపించలేదు. చివరికి ఒక్కొక్కచోట కూర్చోవడానికి వీలైన అరుగులు, మెట్లు, గట్లు, బల్లలు అన్నీ కలిపి ఎన్ని అడుగుల పొడవున్నాయో టేపు పెట్టి కొలిచారు. అప్పుడు దారి దొరికింది. కూర్చునే చోటు ఎక్కువున్నచోట జనం ఎక్కువ. ఈ లెక్క కూడా నూటికి నూరుపాళ్ళూ కుదరలేదు. చెట్లు, తినుబండారాలు, నీళ్ళు, వీధికి దగ్గరగా ఉండడం - ఇవన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. అయినా కూర్చునే చోటు లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదని తేలింది.

ఇంతోటి దానికి కెమెరాలు కావాలా, మా బామ్మనడిగితే చెప్పదా అని మీరు నవ్వవచ్చు. చెబుతుంది, నిజమే. కాని బామ్మ చెప్పిన మాట విని నగరపాలకులు చట్టం మార్చరు. వైట్ చూపించిన ఫిల్ములూ అంకెలూ చూసి 1975లో మార్చారు. ప్లాజాలో ప్రతి 30 చదరపు అడుగుల నేలకీ ఒక అడుగు పొడవు కూర్చునే చోటు ఉండితీరాలని నియమం వచ్చింది. మీరే లెక్క వెయ్యండి. 3000 చదరపు అడుగుల ప్లాజా అయితే 100 అడుగుల పొడవున కూర్చునే చోటు కావాలి. మనిషికి రెండున్నర అడుగులనుకుంటే 40 మంది హాయిగా కూర్చోవచ్చు.

ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే నచ్చినది కుర్చీ సంగతి. నేలకు బిగించని, చేత్తో ఎత్తి జరుపుకోగల విడికుర్చీలను కొన్ని చోట్ల వేశారు. న్యూయార్కు 53వ వీధిలో పేలీ పార్కు అని ఒకటుంది. 1967లో తెరిచారు. వెడల్పు 42 అడుగులు, పొడవు 100 అడుగులు. మన లెక్కలో 467 గజాలు, అంటే రెండిళ్ళ స్థలం. వెనకగోడ మీదనుంచి నీళ్ళు జారుతుంటాయి, మధ్యలో చెట్లు, చెట్ల కింద విడికుర్చీలు. అటువంటి చోట్ల జనాన్ని ఫిల్ములో చూస్తే ఒక తమాషా బయటపడింది. వచ్చినవాడు కూర్చునేముందు కుర్చీని కొంచెం జరుపుతాడు. ఒక్కొక్కసారి అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు జరిపి, చివరికి మొదటున్న చోటే ఉంచి కూర్చుంటాడు! ఎందుకలా? ఈ చోటు నేను ఎంచుకున్నది అన్న తృప్తి కోసం. పక్కవారికి మరీ దగ్గర కాలేదు, మరీ ఎడమూ కాలేదు అని మాటల్లేకుండా చెప్పడం కోసం.

ఇది చూడడానికి న్యూయార్కు దాకా పోనక్కర్లేదు. ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు గమనించండి. షామియానా కింద కుర్చీలు వరసలుగా వేసి ఉంటాయి. పావుగంట తిరిగేసరికి ఆ వరసలు ఏమైపోతాయి? పెద్దమ్మలూ పిన్నులూ ఒక గుండ్రం, మామయ్యలు ఒక గుండ్రం, పిల్లలు ఒక మూల. ఎవరూ నేర్పకుండానే కుర్చీలు ముఖాముఖి తిరిగిపోతాయి. సిమెంటు బల్లకి ఆ వీలు లేదు. దాని మీద ముగ్గురు కూర్చుంటే మధ్యవాడు మెడ అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి.

ఇప్పుడు పాడుబడిన పార్కు సంగతి. దాని పేరు బ్రయంట్ పార్కు. న్యూయార్కు నడిబొడ్డున, 42వ వీధి పక్కన, పెద్ద గ్రంథాలయం వెనకాల ఉంది. 1934లో దాన్ని తిరిగి తీర్చిదిద్దినప్పుడు, రద్దీనుంచి ప్రశాంతంగా ఉండాలన్న మంచి ఉద్దేశంతో, వీధికంటే ఎత్తు చేసి చుట్టూ ఇనుపకంచే, కంచె వెంబడి గుబురు మొక్కలూ పెంచారు. ప్రశాంతత బాగానే వచ్చింది. దానితోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. లోపల ఏం జరుగుతున్నదో వీధిలోవారికి కనిపించదు. లోపల ఏదైనా జరిగితే బయటపడడానికి దారులు తక్కువ. 1970ల నాటికి ఆ పార్కు మత్తుమందులమ్మేవాళ్ళ అడ్డా అయిపోయింది. మామూలు జనం, ముఖ్యంగా ఆడవాళ్ళు, పక్కనుంచి పోతూ కూడా లోపలికి అడుగు పెట్టేవారు కాదు.

పార్కు చెడిపోతే అధికారులకు ముందుగా తట్టే ఆలోచన ఏమిటో మీకు తెలుసు. గోడ ఇంకొంచెం ఎత్తు చెయ్యి. బల్లలు పీకెయ్యి, అల్లరిమూకలు కూర్చుంటున్నారు. గేటుకి తాళం పెట్టు. వైట్ ఇందుకు సరిగ్గా ఎదురు మాట చెప్పాడు. చెడ్డవాళ్ళు వచ్చి మంచివాళ్ళను తరిమేశారన్నది సగం నిజమే. మంచివాళ్ళు రావడానికి వీలు లేకుండా చేసిన ఖాళీలోకి చెడ్డవాళ్ళు వచ్చారన్నది మిగతా సగం. బల్లలు తీసేస్తే ముందు వెళ్ళిపోయేది మోకాళ్ళ నొప్పులున్న తాతగారే. మత్తుమందులమ్మేవాడు నిలబడి కూడా అమ్ముకోగలడు.

పార్కుని 1988లో మూసి పని మొదలుపెట్టారు, 1992లో తిరిగి తెరిచారు. ఆ మధ్యకాలంలో పచ్చికబయలు కింద నేలను తవ్వి గ్రంథాలయానికి పెద్ద పుస్తకాల కొట్టు కట్టారు. ఇవాళ అక్కడ గడ్డి మీద పడుకున్నవారి కింద లక్షలాది పుస్తకాలున్నాయి! కంచె గుబుళ్ళు తగ్గించారు. కొత్త దారులు తెరిచారు. మరుగుదొడ్లు బాగుచేశారు. తినుబండారాల కొట్లు పెట్టారు. తోటమాలులనూ కాపలావాళ్ళనూ నియమించారు. వీటన్నిటితోపాటు తేలికపాటి ఆకుపచ్చ మడతకుర్చీలు వేలకొద్దీ తెచ్చి, బిగించకుండా, గొలుసులు వెయ్యకుండా అక్కడ వదిలేశారు. గొలుసు లేకపోతే కుర్చీలు మాయమైపోతాయని వద్దన్నవారు లేకపోలేదు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ కుర్చీలు ఇంకా అక్కడ విడిగానే ఉన్నాయి, వాటి నిండా జనమూ ఉన్నారు.

అంతా కుర్చీల మహిమే అని నేను చెప్పను. కాపలా, శుభ్రం, దారులు లేకుండా ఒట్టి కుర్చీలు వేస్తే ఏమయ్యేదో! ఇంకొక సంగతి కూడా దాచకూడదు. ఆ పార్కుని నడిపేది నగరపాలక సంస్థ కాదు, ఒక ప్రైవేటు సంస్థ. లాభం కోసం పనిచేసేది కాకపోయినా, ఖర్చు వెళ్ళడానికి అక్కడ హోటళ్ళు, దుకాణాలు, ప్రదర్శనలు పెడుతుంది. అందరి స్థలంలో అంత వ్యాపారం నాకు రుచించదు. పైసా ఖర్చు పెట్టకుండా కూర్చోగలిగినంతవరకే అది పార్కు. ప్యారిస్‌లో లక్సెంబర్గు తోటలో కూడా ఇలాగే విడికుర్చీలుంటాయి. ఒకప్పుడు వాటిలో కూర్చుంటే వచ్చి రుసుము వసూలు చేసేవారట. ఇప్పుడు ఉచితం.

ఇక మన సంగతి. మనకు ఈ విద్య కొత్తది కాదు. ఊరి మధ్య వేపచెట్టో రావిచెట్టో, దాని చుట్టూ రచ్చబండ. ఇళ్ళ ముందు వీధి అరుగులు. వీధికి ఆనుకుని, నీడపట్టున, వచ్చేపోయేవాళ్ళు కనిపించేలా, ఎవరినీ అడగకుండా కూర్చోవడానికి వీలుగా ఉండేవి. వైట్ టేపు పెట్టి కనిపెట్టిన గుణాలు దాదాపు అన్నీ వాటికున్నాయి. అయితే రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారు, ఎవరు కింద నిలబడేవారు అన్నది మీ తాతలనడగండి. కులంలో తక్కువవారని అన్నవారికీ, ఆడవాళ్ళకీ అక్కడ చోటు ఉండేది కాదు. పట్నంలో పార్కు ఆ లోటు తీర్చగలదు. తీర్చాలంటే అక్కడ సీటు ఉండాలి.

మరి సీటు ఎలా ఉండాలి? దీనికి మీ శరీరమే కొలబద్ద. మోకాలి వెనక మడతనుంచి మడమదాకా ఉన్న పొడవును మించి సీటు ఎత్తుగా ఉంటే పాదాలు గాలిలో వేలాడతాయి. అప్పుడు సీటు అంచు తొడ కింద నొక్కుతుంది. అక్కడినుంచి రక్తనాళాలూ నరాలూ పోతాయి కనక కాసేపటికి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మరీ పల్లంగా ఉన్నా కష్టమే. లేచేటప్పుడు ఒళ్ళంతటినీ పైకెత్తవలసినవి తొడ ముందరి కండరాలు. వయసు ముదిరితే ముందు బలం తగ్గేవాటిలో ఇవీ ఉన్నాయి. చేతులు ఆనించుకునే కుర్చీ అయితే చేతుల బలం కూడా తోడవుతుంది. అందుకే మీ అమ్మమ్మ చేతుల కుర్చీ కోసం చూస్తుంది.

రెండోది వేడి. మే నెల సాయంత్రం 6 గంటలకు గ్రానైటు బల్ల మీద కూర్చుని చూడండి! రాయి, సిమెంటు పగలంతా వేడిని తాగి, పొద్దు వాలాక నెమ్మదిగా వదులుతాయి. ఇనుము సంగతి ఇంకో రకం. ఎండలో ఇనుపబల్లా చెక్కబల్లా ఒకే వేడిలో ఉన్నా ఇనుమే ఎక్కువ చురుక్కుమంటుంది. ఇనుములోనుంచి వేడి మన చర్మంలోకి త్వరగా ప్రవహిస్తుంది. చెక్కలోనుంచి మెల్లగా వస్తుంది. మన ఎండలకు చెక్కపట్టీల సీట్లు మేలు. ప్లాస్టిక్ కుర్చీలయినా నయమే.

మూడోది నీడ. చెట్టునీడ రేకుల కప్పు నీడ కంటే చల్లగా ఉంటుంది. ఆకులనుంచి నీరు ఆవిరవుతూ, కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే, చుట్టూ ఉన్న వేడిని కొంత లాక్కుంటుంది. ఎండకు కాగిన రేకు అయితే తనే కిందికి వేడి వెదజల్లుతుంది. కాని చెట్టునీడకు ఒక చిక్కుంది. అది నిలబడదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కదా! పొద్దున చెట్టుకి పడమటనున్న నీడ సాయంత్రానికి తూర్పుకి పోతుంది. బిగించిన బల్ల మాత్రం ఉన్నచోటే ఎండుతూ ఉంటుంది. విడికుర్చీ అయితే నీడ వెంట జరుగుతుంది. చలిదేశంలో ఎండ కోసం జరుపుకునే కుర్చీ మనకు నీడ కోసం వారికంటే ఎక్కువ అవసరం.

"బాబూ, మా పార్కులో విడికుర్చీ వేస్తే తెల్లారేసరికి ఉండదు" అంటారు మునిసిపాలిటీవారు. ఆ భయం ఒట్టిది కాదు. అయితే ఊళ్ళో షామియానా దుకాణం నడిపేవాళ్ళను చూడండి. వందల కుర్చీలను తెలియనివాళ్ళ ఇళ్ళకు పంపి, లెక్కపెట్టి తిరిగి తెచ్చుకుంటున్నారు. పార్కు కాపలాదారు పొద్దున 50 కుర్చీలు బయట వేసి, రాత్రి లెక్కపెట్టి గదిలో పెట్టుకోలేడా? ఒకటి రెండు పోతే పోనివ్వండి. ఆరిపోయిన ఫౌంటెన్ మీద పెట్టిన ఖర్చు ముందు అదెంత?

ఇంకొక పేచీ ఉంది. చాలా పార్కులు పొద్దునా సాయంత్రమూ నడకకు వచ్చేవారి కోసమే తెరిచి, మధ్యాహ్నం తాళం వేస్తారు. సరిగ్గా ఆ వేళకే తోపుడుబండివాడికి, కూలిపని చేసే ఆమెకు, ఊరినుంచి ఆస్పత్రికి వచ్చిన రోగి బంధువుకు ఒక గంట నీడ కావాలి. మనుషులు పడుకుంటారని కొన్నిచోట్ల బల్ల మధ్యలో ఇనుపకడ్డీలు బిగిస్తున్నారు. దుకాణాల మెట్ల మీద మేకుల్లాంటి మొనలు పెడుతున్నారు. వైట్ కాలంలో న్యూయార్కులోనూ ఇవి ఉండేవి. ఆయన వాటిని పనిగట్టుకుని ఫిల్ము తీసి చూపించాడు. అలసినవాణ్ణి కూర్చోనివ్వకుండా చెయ్యడానికి ఇంత ఇంజనీరింగు ఎందుకో నాకు అర్థం కాదు.

చివరగా ఆడపిల్లల మాట. ఒక స్థలం బాగుందో లేదో తెలుసుకోవడానికి వైట్ ఒక సులువైన గుర్తు చెప్పాడు: అక్కడ ఆడవాళ్ళ శాతం ఎంతుందో చూడమన్నాడు. చోటు ఎంచుకోవడంలో వాళ్ళు ఎక్కువ జాగ్రత్తగా ఉంటారు కనక, వాళ్ళ సంఖ్య తక్కువుంటే అక్కడేదో తేడా ఉన్నట్టే. ఈ పేజీ చదివే అమ్మాయిలకు ఇది నేను చెప్పాలా? మీ ఊళ్ళో అబ్బాయిలు టీకొట్టు దగ్గర, వంతెన గట్టు మీద, గుడి మెట్ల మీద గంటలతరబడి కూర్చుంటారు. అమ్మాయిలు నలుగురు కలిసి, ఏ పనీ లేకుండా, ఊరికే కూర్చోగల చోటు చెప్పండి చూద్దాం. మూలకి విసిరేసినట్టున్న బల్ల మీద ఒంటరిగా కూర్చోవడం వేరు. వీధినుంచి కనిపించే చోట, పదిమంది కుటుంబాల మధ్య, కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చోవడం వేరు. చుట్టూ ఉన్న ఆ పదిమంది కళ్ళే కాపలా.

ఒక పని చెయ్యండి. నలుగురైదుగురు జట్టుగా ఒక నోటుపుస్తకం, కొలతటేపు తీసుకుని మీ పార్కుకి వెళ్ళండి. కూర్చునే చోట్ల మొత్తం పొడవు కొలిచి, పార్కు వైశాల్యాన్ని దానితో భాగించండి. ఆ 30 అంకె ఇరుకు ప్లాజాలకు పెట్టినది. పెద్ద పార్కుకి అది వర్తించకపోవచ్చు. అయినా మీకు వచ్చిన అంకె 30 పక్కనుందో 3000 పక్కనుందో చూడండి. ఒక్కొక్క బల్ల ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి నీడలో ఉందా ఎండలో ఉందా రాయండి. సెలవురోజు సాయంత్రం 5 గంటలకు ఎంతమంది మగవాళ్ళు, ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది ముసలివాళ్ళు, ఎంతమంది పిల్లలు ఉన్నారో, వాళ్ళలో ఎందరు కూర్చున్నారో, ఎందరు చోటులేక నిలబడ్డారో లెక్కపెట్టండి. వారం రోజుల అంకెలు పట్టిక వేసి, మీ సైన్సు మాస్టారికి చూపించి, మునిసిపల్ కమిషనరు గారి పేర అర్జీ రాయండి. అర్జీతోపాటు మీ తరగతిలో అందరి మోకాలి ఎత్తుల సగటు కూడా పంపండి. బల్లలు ఎంత ఎత్తు వెయ్యాలో వారికి తెలుస్తుంది. ఆ కొలత తీసేటప్పుడు అందరిచేతా చెప్పులు విప్పించండి.